సౌరవిద్యుత్తు - సామాన్య గృహస్థు

చౌటుప్పల్‌లో విజయవాడ రహదారి కిరుప్రక్కల మిద్దెలపై అచ్చటచ్చట సౌరఫలకములు మెరయుచున్నవి. వానిని జూచి, "మన యింటికిని పెట్టింపవచ్చునా? వేసిన సొమ్ము తిరిగి వచ్చునా?" యని గ్రంథాలయములో మమ్ము ప్రశ్నించువా రెక్కువైనారు. వ్యాపారుల కరపత్రము లందఱకు నొకటే జవాబు చెప్పుచున్నవి. లెక్క వేసి చూచిన మాకు మాత్రము కలవాని కొక జవాబును, లేనివాని కింకొక జవాబును వచ్చినవి. ఈ వ్యత్యాసమును గూర్చియే యీ వారము వ్రాయదలచితిమి.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వమువారు ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును ప్రారంభించి, కోటి యిండ్ల కప్పులపై ఫలకములు నిలుపుటకై 75,021 కోట్ల రూపాయలు నిర్ణయించిరి. రెండు కిలోవాట్లవరకు కిలోవాటుకు 30,000, మూడు కిలోవాట్లకు మొత్తము 78,000 రూపాయల సహాయము లభించును. అంతకు మించినచో సహాయము పెరుగదు. సర్కారు లెక్కలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదాని ధర 50,000, మూడవదాని ధర 45,000 రూపాయలు. బజారులో నింతకు దొరకుట యరుదు. అయినను సర్కారు లెక్కనే గైకొందము.

నెలకు 350 యూనిట్లు వాడు గృహస్థు నొకనిని దలచుకొనుడు. ఏసీ, నీళ్ల మోటారు, పెద్ద ఫ్రిజ్ గల యిల్లు. 2022 ఏప్రిల్‌లో అమలునకు వచ్చిన ధరల పట్టిక ప్రకారము ఆతని బిల్లులో యూనిట్ల క్రయమే 2,240 రూపాయలగును. మూడు కిలోవాట్ల ఫలకములు సంవత్సరపు సగటున దినమునకు సుమారు 12 యూనిట్ల నిచ్చును గనుక ఆ యింటి అవసరమునకు సరిపోవును. సహాయము పోగా ఆతడు పెట్టవలసినది 67,000. అది రెండున్నర సంవత్సరములలో తిరిగి వచ్చును. బజారు ధర హెచ్చైనచో నాలుగేండ్లనుకొనుడు. ఫలకములకు ఇరువదియైదేండ్ల పూచీ యిచ్చుచున్నారు. అట్టివాడు పెట్టించుకొనకుండుట తెలివితక్కువ యని చెప్పుటకు మాకు సందేహము లేదు.

ఇక కొయ్యలగూడెములో మగ్గముపై బ్రతుకు నేతపనివాని యింటికి వత్తము. నాలుగు దీపములు, రెండు పంకాలు, టీవీ, చిన్న ఫ్రిజ్. నెలకు 150 యూనిట్లు. 2024 మార్చి నుండి రాష్ట్ర ప్రభుత్వమువారు గృహజ్యోతి క్రింద తెల్ల రేషను కార్డు గల యిండ్లకు 200 యూనిట్లవరకు సున్న బిల్లు ఇచ్చుచున్నారు. లేని ఖర్చును తగ్గించుకొనుటకు 40,000 రూపాయలు అప్పుచేయుమని ఆతనితో నెవడు చెప్పగలడు? పైగా రేకుల కప్పు ఫలకముల భారమునకు నిలువదు. అద్దె యింటివానికి తనదను కప్పే లేదు. ఢిల్లీవారు ఫలకములు కొనుమనుచుండగా హైదరాబాదువారు కొననక్కఱ లేకుండ చేయుచున్నారు. రెంటి నడుమ సహాయధనము కలవారి మిద్దెల వెదకికొని పోవుచున్నది.

మేము గృహజ్యోతిని నిందించుట లేదు. పేదవాని యింట దీపము వెలుగుటకంటె ఖజానాకు మంచి వినియోగ మేమున్నది? కాని ఆ దీపము ఉచితము కాదు. ఆ 150 యూనిట్లకు పట్టిక ప్రకారము నెలకు 580 రూపాయలు, ఏటికి దాదాపు 7,000 రూపాయలు ప్రజల సొమ్మే పంపిణీ సంస్థకు చేరవలసియున్నది. రెండు కిలోవాట్ల ఫలకములకు కేంద్ర సహాయము పోగా మిగులునది 40,000. అనగా ఆఱేండ్ల సున్న బిల్లు సొమ్ముతో రాష్ట్రమువారే ఆ యింటిపై ఫలకములు నిలుపవచ్చును. ఇంటివాని బిల్లు సున్నగానే యుండును. ఆ పిమ్మటి యేండ్ల భారము చాలవఱకు తీరును. కప్పు బలము లేని యిండ్లకు పాఠశాల మిద్దెపైనో, ఊరి బంజరుపైనో కలిపి పెట్టవచ్చును. రాత్రి సరఫరాకు తమకు ఖర్చు తప్పదని పంపిణీ సంస్థవా రందురు. నిజమే, ఆ ఖర్చెంతయో ప్రజలయెదుట పెట్టుడని మేమడుగుచున్నాము.

ఇది గాలిలో మేడ కాదు. పాత మహబూబ్‌నగరు జిల్లాలోని వంగూరు మండలమున కొండారెడ్డిపల్లెలో 2025లో 480 యిండ్లపై ఇంటికి మూడు కిలోవాట్ల చొప్పున ఫలకములు పెట్టిరి. ఖర్చు సుమారు పదిన్నర కోట్లు. కేంద్ర సహాయము, సర్కారు సొమ్ము, ఒక కంపెనీవారి సామాజిక బాధ్యత నిధి కలిసి దానిని భరించినవి. అది ముఖ్యమంత్రిగారి స్వగ్రామము. అన్ని గ్రామములలోను ముఖ్యమంత్రులు పుట్టరు గదా!

ఇక నమ్మకమును గూర్చి. కరపత్రములలో కనబడని సంగతి యొకటి కలదు. బ్యాటరీ లేని సౌరయంత్రము లైను పోయిన వెంటనే ఆగిపోవును, మిట్టమధ్యాహ్నమైనను సరే. స్తంభ మెక్కి పనిచేయు లైన్‌మను ప్రాణము కాపాడుటకై దాని నట్లు నిర్మించిరి, అది న్యాయమే. కాని వైశాఖపు గాలివానకు తీగ తెగినపుడు లక్ష రూపాయల ఫలకముల క్రింద విసనకఱ్ఱతో కూర్చుండవలసి వచ్చునని కొనువానికి ముందే చెప్పవలదా? బ్యాటరీకి వేరుగా సొమ్ము కావలెను. సీసపు బ్యాటరీ యైనచో అయిదాఱేండ్లకు మార్చవలెను. బీహారులోని ధర్నాయి గ్రామములో 2014లో పెట్టిన 100 కిలోవాట్ల సౌరకేంద్రము, బ్యాటరీలు చెడి, మామూలు కరెంటు చౌకగా రాగా, కొన్నియేండ్లకే మూలబడెను. మన రాత్రి దీపమునకు నేటికిని నాగార్జునసాగరపు నీరో, దామరచర్లవద్ద 2024 డిసెంబరులో మొదటి యూనిట్టు ప్రారంభమైన యాదాద్రి కేంద్రపు బొగ్గో దిక్కు.

మన యెండను జూచి మురియువారు మఱియొకటి తెలిసికొనవలెను. ఫలకమునకు కావలసినది వెలుతురు, వేడిమి కాదు. 25 డిగ్రీలు దాటినకొలది దాని శక్తి తగ్గును. రహదారి దుమ్మును కడుగక తప్పదు. మన నల్లగొండ బోరునీటితో కడిగి ఆరవిడిచిన అద్దముపై తెల్లని చారలు మిగులును. కోతుల మాట చెప్పనక్కఱలేదు.

ఒప్పందపత్రములు చదువుట మా వృత్తి. పథకము ప్రకారము అయిదేండ్లు నిర్వహణ బాధ్యత ఫలకములు బిగించినవానిదే. ఆ వాక్యము మీ పత్రములో నున్నదా, చెడినపు డెన్నిదినములలో వచ్చి బాగుచేయునో వ్రాసినాడా, వచ్చు యూనిట్లను పోవు యూనిట్లను లెక్కించు మీటరు బిగింపకముందే పూర్తి సొమ్ము అడుగుచున్నాడా, చూచుకొనుడు. సందేహమున్నవారు సంతకమునకు ముందే పత్రమును గ్రంథాలయమునకు తెచ్చినచో రుసుము లేకుండ చదివి చెప్పెదము. ఆదివారము ఉదయమున మేమచ్చటనే యుందుము.