నెల తప్పిన తోడనే



మూడవ మాసము నిండు వఱకు గర్భవార్త బయట పెట్టరాదని మన పెద్దలందురు. ఇరుగుపొరుగులకు చెప్పకున్న మానె; వైద్యురాలికి దాచుట మాత్రము తగదు. కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి రసము లేక శిశువు మెదడు చక్కగా పెరుగదు. శిశువు గ్రంథి ఇంచుమించు 12వ వారము వఱకు పని మొదలిడదు. అంతదాక తల్లి రక్తమునుండి వచ్చినదే దానికాధారము. మనము దాచు మాసములే పరీక్షకు తగిన మాసములు!

గ్రంథి మందగించినచో బడలిక, నిద్రమత్తు, మలబద్ధము కలుగును. వేవిళ్ళనాడును ఇవియే గదా! కావున రక్తపరీక్షయే శరణ్యము. టి.ఎస్.హెచ్. అను నంకె తొలి మాసములలో సహజముగా తగ్గును గనుక, కాగితముపై నచ్చొత్తిన సామాన్యపు హద్దులను చూచి మనమే తీర్పు చెప్పుకొనరాదు.

మా మేనకోడలు గర్భము నిలిచినదని తెలిసిన నాడే, బిడ్డకు హాని యని భయపడి, ఏండ్లుగా వేసికొనుచున్న థైరాక్సిన్ మాత్ర మానివేసినది. నెలన్నరకు గాని మాకు తెలియలేదు. అప్పుడు మానుట కాదు, తఱచుగా మోతాదు పెంచవలసి యుండును! వైద్యురాలు మందలించి, పెంచియే యిచ్చినది. ఐరన్ మాత్ర దానితో కలిసినచో గుణము చెడునట. నడుమ నాలుగు గంటలుండవలెను. అందుచేత పరగడుపున అది తన మాత్ర వేసికొనును. రెండవది మధ్యాహ్నము విస్తరి తీసిన పిమ్మట నేనే యిచ్చుచున్నాను.