హాల్లో టీవీ ఎవరిది?

హాల్లో గోడకి యాభై అంగుళాల టీవీ. పక్కగదిలో లాప్‌టాప్. ఆ రెంటినీ కలిపే వైరు ఏ సొరుగులో ఉందో మాత్రం చాలామంది ఇల్లాళ్లకు తెలియదు. "అదంతా మావారు చూసుకుంటారండీ", "బాబు వచ్చాక పెడతాడు" అనేస్తాం. గ్యాస్ సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగించే చేతులకి ఈ వైరు ఓ లెక్కా?

బళ్లు మూతపడిన 2020లో, సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ టీశాట్‌లోనూ పాఠాలు వచ్చాయి. సీరియళ్ల పెట్టె అనుకున్నది బడి కూడా కాగలదని అప్పుడు చూశాం. బళ్లు తెరిచారు, ఆ సంగతి మరిచాం. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకి బాటసింగారం నుంచి రోజూ రావాలంటే, విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్, ఎల్‌బీ నగర్ దాటుకుని బస్సులో ఊగుతూ రావాలి. చంకలో పిల్లాడున్న కోడలికి అయ్యే పనేనా? అందుకే ఇంట్లోనే, అరచేతంత ఫోన్‌లో కళ్లు చికిలించుకుని లెక్కలు చూస్తుంటుంది. హాల్లో అంత పెద్ద తెర మీద మాత్రం క్రికెట్ హైలైట్స్!

కలపడం ఎలాగంటారా? లాప్‌టాప్ పక్కన, టీవీ వెనకాల ఒకేలాంటి చిన్న బల్లపరుపు రంధ్రం ఉంటుంది. అదే హెచ్‌డీఎంఐ. 2002లో వచ్చిన ఈ పద్ధతిలో బొమ్మ, మాట రెండూ ఒకే వైరులో వెళ్తాయి. టీవీ రిమోట్‌లో 'సోర్స్' లేదా 'ఇన్‌పుట్' బటన్ నొక్కి, వైరు పెట్టిన రంధ్రం నంబరు ఎంచుకోవాలి. చాలా ఇళ్లల్లో "రావట్లేదు" అని వదిలేసేది ఇక్కడే. అప్పటికీ రాకపోతే, విండోస్ లాప్‌టాప్ అయితే విండోస్ గుర్తున్న మీటతో పాటు 'పి' నొక్కండి. బొమ్మ వచ్చి మాట లాప్‌టాప్‌లోంచే వినిపిస్తోందా? తెర కింద మూలనున్న స్పీకర్ గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకోండి. అంచులు తెగిపోతే టీవీ పిక్చర్ సెట్టింగుల్లో 'స్క్రీన్ ఫిట్' లాంటి మాట కోసం వెతకండి, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది.

పాత లాప్‌టాప్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే ఆ వైరులో మాట రాదు, బొమ్మే. మరీ పల్చటి కొత్తవాటికి యూఎస్‌బీ-సి రంధ్రమే ఉంటుంది, మధ్యలో అడాప్టర్ కావాలి. అయితే అలాంటి ప్రతి రంధ్రం బొమ్మని పంపదు. కొనేముందే లాప్‌టాప్ మోడల్ చెప్పి అడగండి. వైరు పొడవు కూడా గోడ నుంచి బల్ల దాకా కొలుచుకు వెళ్లాలి. పొట్టి వైరు తెచ్చుకుంటే లాప్‌టాప్‌ని టీవీ కింద నేల మీద పెట్టుకోవాల్సి వస్తుంది, మన నడుములకి అదొక్కటే తక్కువ!

షాక్ కొడుతుందని భయం వద్దు, హెచ్‌డీఎంఐ వైరులో ఉండేది అయిదు వోల్టులే. కానీ మూడు పిన్నుల చార్జర్‌ని రెండు పిన్నుల బోర్డులో ఇరికిస్తే ఎర్త్ అందదు, లాప్‌టాప్ ముట్టుకుంటే చిమచిమలాడుతుంది. అది సర్దుకుపోవాల్సిన సంగతి కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇంకొకటి. తెర 'డూప్లికేట్'లో ఉంటే మీ లాప్‌టాప్‌లో ఏముందో అదంతా హాల్లో కూర్చున్న అందరికీ కనిపిస్తుంది. అమ్మ పంపిన మెసేజీ, బ్యాంకు ఖాతా, అన్నీ. 'ఎక్స్‌టెండ్' పెట్టుకుంటే పాఠం టీవీలో, మీ సొంత సంగతులు మీ ముందు. ఉమ్మడి కుటుంబంలో ఉన్నవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

వైరు నేర్చుకోవడం పది నిమిషాల పని. అసలు పేచీ రిమోట్ దగ్గర. "పగలంతా టీవీ ఖాళీయేగా, చదువుకో" అంటారు ఇంట్లోవాళ్లు. పగలు టీవీ ఖాళీయే. ఆవిడ ఖాళీగా ఉందా? పదింటికి గిన్నెలు, పన్నెండుకి వంట, మూడింటికి బడి నుంచి పిల్లలు. పాఠం బుర్రకెక్కాలంటే సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా టీవీ ఆమెది కావాలి, ఆ గంట పిల్లాణ్ని ఇంకొకరు ఎత్తుకోవాలి. క్రికెట్ హైలైట్స్ ఫోన్‌లో కూడా వస్తాయి.