డబ్బులు కట్టి రేడియో వినడమా?

అమెరికాలో కారు కొన్న మనవాళ్ళు మూడు నెలలు తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటుంది. "కారుతో పాటు ఫ్రీగా వచ్చిన శాటిలైట్ రేడియో ట్రయల్ అయిపోతోంది, డబ్బులు కట్టి ఉంచుకోనా, వదిలేయనా?" అని. మా టీములోనే ఈ ఏడాది ముగ్గురు అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాసి పడేస్తున్నాను.

"చేతిలో ఫోనుండగా ఇదెందుకు దండగ" అని తేల్చేసేవాళ్ళు ఒకసారి డల్లాస్ నుంచి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి కారులో వెళ్ళి రావాలి. ఆ పార్కు దగ్గర పడేకొద్దీ ఫోనులో గీతలు ఒక్కోటీ మాయమైపోతాయి. డౌన్‌లోడ్ చేసుకున్న నలభై పాటలూ రెండు రౌండ్లు అయిపోతాయి. పక్క సీట్లో ఉన్నవాళ్ళు నిద్రపోతారు. అప్పుడు మోగేది శాటిలైట్ రేడియో ఒక్కటే. దానికి టవరుతో పనిలేదు, నెత్తిన ఆకాశం కనిపిస్తే చాలు.

ఇందులో ఇంజినీరింగ్ నాకు భలే నచ్చుతుంది. కారు ఫ్లైఓవర్ కిందకి వెళ్ళినా పాట తెగదు. ఎందుకంటే అదే ఆడియో రెండు ఉపగ్రహాల నుంచి కొన్ని క్షణాల తేడాతో వస్తుంది. ఒక దాంట్లో పోయిన ముక్కని రెండో దాంట్లోంచి తెచ్చి అతికిస్తారు. ఎత్తైన భవనాలుండే ఊళ్ళలో నేల మీద రిపీటర్లు పెట్టారు. (ఎక్స్ఎం వాళ్ళు 2001లో పంపిన మొదటి రెండు ఉపగ్రహాల పేర్లు రాక్, రోల్. వాటికి పేర్లు పెట్టే ఉద్యోగం ఎవరిదో గానీ అదృష్టవంతులు :)) బేస్‌మెంట్ పార్కింగులో, దట్టమైన చెట్ల కింద మాత్రం ఎంత తెలివైన బఫరయినా చేతులెత్తేస్తుంది.

అయితే సిగ్నల్ కన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. శాటిలైట్ రేడియోలో మనం కొనుక్కునేది పాటల్ని కాదు, పాటలు ఏరిపెట్టే మనిషిని. యాప్‌లో ఏదో బుద్ధి పుట్టి ఒక ఇళయరాజా పాట వింటే చాలు, వారం రోజులు అవే పాటలు తిప్పి తిప్పి వడ్డిస్తుంది. రేడియోలో కూర్చున్న మనిషి అలా కాదు. మనం అడగనిది, మనకి తెలియనిది వేస్తాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏ డిజైన్ మంచిది, ఏ బగ్ ముందు అని నిర్ణయాలు తీసుకుని తీసుకుని బుర్ర వేడెక్కినవాడికి, "నువ్వు ఊరుకో, నేను వేస్తాను" అనేవాడు దొరకడం చిన్న సుఖం కాదు. పైగా సంగీతం ఛానెళ్ళలో చాలావరకు ప్రకటనలుండవు. (మాటల ఛానెళ్ళలో, ఆటల ఛానెళ్ళలో ఉంటాయి. అన్నిట్లోనూ ఉండవనుకుని కట్టకండి.) దీనికి డబ్బులివ్వడం నాకు తప్పుగా అనిపించదు.

చిక్కల్లా ఆ డబ్బులు తీసుకునే పద్ధతితోనే. 2008లో సిరియస్, ఎక్స్ఎం కలిసిపోయాక అమెరికాలో ఈ వ్యాపారం చేసేది ఒకే కంపెనీ. పైన కనిపించే రేటు వేరు, బిల్లులో పడేది వేరు. పాటల రాయల్టీ రుసుమని విడిగా కలుపుతారు. మొదటి ఆఫర్ గడువు తీరగానే పూర్తి రేటు దానంతటదే మొదలైపోతుంది. చేరడానికి వెబ్‌సైట్ చాలు గానీ మానుకోవాలంటే ఏజెంటుతో మాట్లాడాలనే గొడవ మీద న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ 2023 డిసెంబరులో కేసు వేస్తే, ఆ రద్దు పద్ధతి ఫెడరల్ చట్టానికి విరుద్ధమని 2024 నవంబరులో జడ్జి తీర్పిచ్చారు. కోడ్ రాసేవాళ్ళం కాబట్టి మనకి తెలుసు, రద్దు బటన్ పెట్టడం అరపూట పని. అది లేదంటే చేతకాక కాదు, వద్దనుకునే.

ఇక మనవాళ్ళకి అసలు లోటు చెప్తాను. అన్ని ఛానెళ్ళున్న ఆ సిరియస్ఎక్స్ఎంలో తెలుగుకి ఒక్క ఛానెల్ లేదు. ఏరిపెట్టే మనిషి ఉన్నాడు సరే, ఆయనకి ఘంటసాల ఎవరో తెలియదు!

తెలుగుకి శాటిలైట్ రేడియో ఛానెల్ ఒకప్పుడు ఉండేది. మన దేశంలోనే, వరల్డ్‌స్పేస్‌లో. ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా 1990లో పెట్టిన కంపెనీ అది. 2000లో ఆసియాస్టార్ ఉపగ్రహాన్ని పంపింది. తెలుగుకి 'స్పందన', కర్ణాటక సంగీతానికి 'శ్రుతి', హిందుస్తానీకి 'గాంధర్వ్', పాత హిందీ పాటలకి 'ఫరిస్తా'. ఏ.ఆర్.రెహమాన్ ప్రచారకర్త. కర్ణాటక సంగీతం ఇరవై నాలుగ్గంటలూ, ప్రకటనలు లేకుండా! ఇప్పుడు వింటుంటేనే అబద్ధంలా ఉంది. ఆ ఉపగ్రహం 105 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉండేది కాబట్టి హైదరాబాదులో వినాలంటే యాంటెన్నా ఆగ్నేయానికి తిప్పి, సగం లంబకోణం కన్నా కాస్త ఎక్కువగా పైకెత్తాలి. ఆగ్నేయం వైపు కిటికీ లేని ఫ్లాటువాళ్ళకి యోగం లేదన్నమాట. వాస్తు అక్కడ కూడా వచ్చేసింది :) కారులో వినే వీలు మాత్రం చివరిదాకా రాలేదు.

అదే సమయంలో 2006లో హైదరాబాదులో ప్రైవేట్ ఎఫ్ఎంలు ఉచితంగా దిగాయి. లక్షమంది వింటున్నా, కోటిమంది వింటున్నా ఉపగ్రహం ఖర్చు ఒకటే. సర్వర్లయితే జనం పెరిగేకొద్దీ పెంచుకుంటూ పోవచ్చు గానీ ఉపగ్రహాన్ని సగం చేసి పంపలేం కదా. 2008 అక్టోబరులో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2009 డిసెంబరు 31తో భారతదేశంలో ప్రసారాలు ఆగిపోయాయి. జనం డబ్బు పోసి కొన్న రిసీవర్లు మర్నాటి నుంచి ఆ పనికి పనికిరాలేదు. ఆ సిగ్నల్ పంపేవాడు ఒక్కడే, వాడు వెళ్ళిపోయాడు. వివిధభారతి పట్టే పాత ట్రాన్సిస్టర్ ఏ కంపెనీ మునిగినా మోగుతూనే ఉంటుంది.

నాకు డబ్బు కన్నా పాటలు ఏరిపెట్టిన పని పోవడమే ఎక్కువ బాధనిపిస్తుంది. స్పందనలో ఎవరో కూర్చుని రోజుకిన్ని గంటలు తెలుగు పాటలు ఏరారు, వరస పేర్చారు, వాటి గురించి మాట్లాడారు. చందాదారుడి చేతిలో దాంట్లో ఒక్క గంట కూడా మిగల్లేదు.

కాబట్టి నా లెక్క ఇది. నెలకి రెండుమూడు సార్లు టవర్లు లేని దారుల్లో తిరిగేవాళ్ళు, ఇంగ్లీషు పాటలు, ఆటల కామెంటరీ ఇష్టమైనవాళ్ళు నిక్షేపంగా కట్టుకోండి. ఆఫర్ ముగిసే తారీఖుకి వారం ముందు క్యాలెండర్లో గంట పెట్టుకోండి, మానేస్తానని ఫోన్ చేస్తే రేటు తగ్గిస్తామని బతిమాలే అవకాశం కూడా ఉంది. ఇంటి నుంచి ఆఫీసుకి ఇరవై నిమిషాలు వెళ్ళొచ్చేవాళ్ళకి అనవసరం. కేవలం శాటిలైట్ రేడియో కోసమని విడిగా రిసీవర్ కొనాలంటే మాత్రం నేను కొనను. తెలుగు కావాలంటే ఇంటర్నెట్ రేడియోలున్నాయి, ఆకాశవాణి యాప్ ఉంది. శాస్త్రీయ సంగీతానికి ఆకాశవాణి 2016 జనవరి 26న మొదలెట్టిన 'రాగం' ఇరవై నాలుగ్గంటల ఛానెల్, ఉచితం. బిగ్ బెండ్‌లో అది రాదనుకోండి, అది వేరే విషయం.

అన్నట్టు, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆ రోజుల్లో స్పందన ప్రోగ్రాములు కాసెట్‌లోకో కంప్యూటర్లోకో ఎక్కించి దాచుకుని ఉంటే కాస్త చెప్పండి. ఒక గంటైనా వినాలనుంది.