ఇంటిబండికి ఇరుసెక్కడ?

మోటారుబండి పాతబడుట నేరము కాదు. పాతబడిన బండి దారిలో నిలిచిపోవుటయు వింత కాదు. కాని నిలిచిన బండికి రెండంగుళముల బుష్షు దొరకక, అది నెలలకొలది షెడ్డులో పడియుండి, తుదకు తుక్కువాని తక్కెడ నెక్కుట మాత్రము యంత్రయుగమున తలయెత్తి నిలువగోరు దేశమునకు గౌరవకరము కాదు. పడక, పొయ్యి, నీటితొట్టి గల ఇంటిబండ్లకు, అనగా నేడు కారవానులని జనులు పిలుచు వాహనములకు, ఈ గతి మరింత సులభముగ పట్టుచున్నది. అట్టివి సంఖ్యలో స్వల్పము. స్వల్పసంఖ్య గలవానికై సామాను నిలువయుంచు వర్తకుడుండడు.

ఇంటిబండి యనగానే తెలుగువారికి మొదట స్ఫురించునది చైతన్యరథము. 1982లో నందమూరి తారకరామారావుగారు ఒక పాత షెవర్లె వాహనమును మార్పించి, దాని కప్పుపై నిలిచి ఉపన్యసించుచు, దానియందే విశ్రమించుచు రాష్ట్రమంతట తిరిగిరి. సారథ్యము వారి కుమారుడు హరికృష్ణగారిది. ఆ యాత్ర రాజకీయఫలమును మేమిచట విచారింపము. మమ్మాకర్షించునది యంత్రవిషయము. జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయిలో కర్మాగారము తెరచి బండ్లు కూర్చుచుండిరి. భాగములనుకూడ ఇచ్చటనే తయారుచేయ నుద్దేశింపనివారు బండ్లు కూర్చరాదని 1953లో ప్రభుత్వము నిర్ణయింపగా, మరుసటియేట దానిని మూసివేసి వెడలిపోయిరి. అనగా రథము బయలుదేరునాటికి ఆ కర్మాగారము మూతపడి యిరువదియెనిమిదేండ్లైనది. అట్టి బండి యూరూర తిరిగెనన్న, ఆ ఘనత డెట్రాయిటువారిది మాత్రమేనా? చేతులకు నూనెమరకలంటిన మన మిస్త్రీలది కాదా?

ఈ మాట అతిశయోక్తి కాదు. 1940 ప్రాంతపు షెవర్లె ఆరు సిలిండర్ల ఇంజనులో కనెక్టింగురాడ్ల బేరింగులు నేటివలె డబ్బాలో కొనితెచ్చి అమర్చు పలకలు కావు. బాబిట్టను తెల్లలోహమును కరగించి, రాడ్డు కంటిలో పోసి, చల్లారినపిమ్మట క్రాంకుషాఫ్టు కొలతకు సరిపోవునట్లు సన్నముగ గీకవలయును. లోహము వేడి చాలకున్న అంటదు. గీకుడు హెచ్చైన ఇంజను తట్టుచు మొరపెట్టును. ఇది పుస్తకము చదివినంతమాత్రమున వచ్చు విద్య కాదు.

ఈ విద్యకు జంటనగరములు క్రొత్తవి కావు. 1932లో నిజాము స్టేటు రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. వారు నడపిన ఆల్బియను బస్సులు స్కాట్లండునుండి వచ్చినవి. ఆ కంపెనీని 1951లో లేలండువారు కలుపుకొనిరి. కంపెనీలు పుట్టును, గిట్టును. బండి మాత్రము మన వాకిట నిలిచియుండును.

ఇక సికిందరాబాదులో బండి నిలిచినవారు చేయవలసినదేమి? రాణిగంజు, కర్బలా మైదానము వీధులకు పోవలయును. అయితే పలువురు పోవు రీతి సరికాదు. "ఫలానా కంపెనీ ఫలానా సంవత్సరపు సామానున్నదా?" యని అడుగుదురు, లేదన్న నిట్టూర్చి మరలివత్తురు. కంపెనీపేరు కాదు, కొలత అడుగవలయును. 6205 అను సంఖ్య గల బేరింగు ఏ దేశమున చేసినదైనను లోపలి రంధ్రము 25 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 52, వెడల్పు 15. దానిపై చెక్కిన సంఖ్యయే దాని జాతకము. సీళ్ల విషయమును, బెల్టుల విషయమును చాలవరకిట్టిదే. బోల్టుల యెడలనే జాగ్రత్త వలయును: అమెరికా పాతబండ్లకు అంగుళపు మరలుండును, వానిపై మిల్లీమీటరు నట్టును బలవంతముగ త్రిప్పిన రెండును చెడును. దొరకనిదానికి లేతు కలదు. విరిగిన ముక్కను పారవేయక తీసికొనిపోయిన, దానినిచూచి క్రొత్తది చెక్కగల పనివారు ఆ వీధులలో నున్నారు.

బ్రేకులు, స్టీరింగు సంబంధమైన భాగములను మాత్రము తుక్కుదుకాణమున కొనరాదు. నాలుగురూపాయలు మిగిల్చి నలుగురి ప్రాణములను పణమొడ్డుట పొదుపనిపించుకొనదు.

పరదేశపు బండ్లనే యననేల? 1980లలో ఆల్విను నిస్సానువారు జహీరాబాదులో కాబ్‌స్టారు లారీలు చేసిరి. మన గడపలో పుట్టిన బండి! తరువాత ఆ కర్మాగారము మహీంద్రావారి చేతికిపోయినది. నేడు కాబ్‌స్టారు పేరుతో బండి రాదు. మిగిలినవాని యజమానులు మాత్రము ముక్కముక్కకు వీధులు వెదకవలసినవారే.

ప్రభుత్వము చేసినదేమి? 2021లో ఏబదియేండ్లు దాటిన వాహనములకు ప్రత్యేక నియమములు చేసిరి. సంతోషమే. కాని చట్రమునందు, బాడీయందు, ఇంజనునందు పెద్దమార్పులు జరిగియుండరాదట! బాడీ మార్పింపక ఇంటిబండి యెట్లగును? ముప్పదియేండ్ల బండికి ఆ గౌరవము మొదలే లేదు. అది పురాతనమును కాదు, నూతనమును కాదు. 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కుపేరిట కేంద్రమువా రొక జాలస్థలమును తెరచిరి. మోటారువాహనములును దాని పరిధిలోనివే. అయినను తయారీ నిలిపిన కంపెనీ తన భాగముల నక్షాలను ప్రజలకు విడిచిపెట్టవలయునని నిర్బంధించు శాసనము దానితో రాలేదు. మేము కోరునదదియే. భాగము నమ్మని కంపెనీకి నక్షాను దాచుకొను హక్కెక్కడిది?

మరియొకటి. 2021 నియమములనుబట్టి పాతబండ్లను విప్పు కేంద్రము లేర్పడుచున్నవి. ఇనుము కరగుటకుముందే మంచి గేరుపెట్టెలను, ఇరుసులను వేరుచేసి, పరీక్షించి, ముద్రవేసి, రాణిగంజు అంగళ్లకు పంపు నేర్పాటు వలయును. మల్లేపల్లి ఐ.టి.ఐ. వంటి విద్యాలయములలో తెల్లలోహము పోయు పనిని, పాతమరల కొలతలను నేర్పుటకు వృద్ధ మిస్త్రీలనే వేతనమిచ్చి పిలువవలయును. వారికి సర్టిఫికెట్టు లేదని గుమాస్తా ఆక్షేపించునేమో! వారి చేతిలో తిరుగుచున్న ఇంజనును చూపుడు.