‘సర్టిఫైడ్’ లేజర్ అంటున్నారు... సర్టిఫై చేసిందెవరు?

డెర్మటాలజీ పీజీ అయిపోయింది. సొంతంగా క్లినిక్ పెట్టాలని నిర్ణయించుకున్నారు. గది అద్దె, అడ్వాన్సు, ఇంటీరియర్, ఇద్దరు స్టాఫ్ జీతాలు అన్నీ ఓ కాగితం మీద రాసుకున్నారు. ఒక్కచోట పెన్ను ఆగిపోయింది. హెయిర్ రిమూవల్ లేజర్. కొత్త మిషన్ కొటేషన్ చూస్తే బ్యాంకు లోన్‌లో సగం దానికే పోయేలా ఉంది. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో ఓ డీలర్ నుంచి ఫొటో వస్తుంది. ‘సర్టిఫైడ్ రీఫర్బిష్డ్, యూరప్ పీస్, కొత్తదానిలాగే ఉంది మేడం. సగం రేటుకే ఇప్పిస్తా.’

ఆ మెసేజ్‌కి ‘ఓకే’ కొట్టే ముందు ఓ పది నిమిషాలు ఆగండి.

నేను డాక్టర్‌ని కాదు. ఈసీఈ చదివి, గాడ్జెట్లు విప్పిచూసి బ్లాగు రాసుకునేవాణ్ని. ఇంటర్‌లో నాతో చదివిన స్నేహితురాలు ఇప్పుడు స్కిన్ స్పెషలిస్టు. ‘నువ్వు ఇంజినీర్‌వి కదరా, ఒక్కసారి వచ్చి మిషన్ చూడు’ అని పిలిస్తే వెళ్లా. ఈ గొడవంతా నాకు అలా తగులుకుంది. ఒకటి ముందే చెబుతా. పాత మిషన్ కొనడం తప్పేం కాదు. సరైనది దొరికితే కొత్త డాక్టరుకు అదే తెలివైన పని కూడా. నా అనుమానమంతా ‘సర్టిఫైడ్’ అన్న ఒక్క మాట మీదే.

రూల్స్‌లో ఆ గడే లేదు

మనదేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ‘ఔషధాలే’. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల ప్రకారం వాటిని ప్రమాద స్థాయిని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశారు. ఏ, బీ తరగతులకు 2022 అక్టోబరు 1 నుంచి, సీ, డీలకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. చర్మ చికిత్స, ప్లాస్టిక్ సర్జరీ పరికరాలకు కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ, అంటే సీడీఎస్‌సీఓ, విడిగా వర్గీకరణ జాబితానే ఇచ్చింది. కాబట్టి ‘ఇది బ్యూటీ మిషన్ సార్, దీనికి అవన్నీ ఉండవు’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

బయటి నుంచి వచ్చే పరికరానికి ఎండీ-15 అనే దిగుమతి లైసెన్సు ఉండాలి. అది ఫలానా తయారీదారు, ఫలానా ఫ్యాక్టరీ, ఫలానా మోడల్ అని పేర్లతో సహా ఇస్తారు. మరి అదే మిషన్‌ను ఇంకెవరో విప్పి, పార్టులు మార్చి, పెయింట్ వేసి పంపిస్తే? దానికి ఈ నిబంధనల్లో గడే లేదు. 2025 జనవరిలో సీడీఎస్‌సీఓ కస్టమ్స్ అధికారులకు లేఖ రాసి మరీ ఇదే చెప్పింది. రీఫర్బిష్డ్ పరికరాలకు 2017 నిబంధనల్లో ప్రత్యేక ఏర్పాటు లేదు, అమ్మకం కోసం వాటి దిగుమతికి లైసెన్సులు ఇవ్వడం లేదు అని. వాడిన పరికరాల దిగుమతి మీద పర్యావరణ శాఖ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఇంకో పక్క ఉండనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ వాట్సాప్ మెసేజ్ మళ్లీ చదవండి. డీలర్ గొప్పగా చెప్పుకున్న ‘యూరప్ పీస్’ అన్న మాటే మీరు ముందుగా నిలదీయాల్సింది. అది మనదేశంలోకి ఎప్పుడు, ఏ కాగితం మీద వచ్చింది?

దీనిమీద పరిశ్రమలో పెద్ద వాదనే నడుస్తోంది. దేశీయ తయారీదారుల సంఘం ఎయిమెడ్ పాతవాటి దిగుమతిని వ్యతిరేకిస్తుంది. బహుళజాతి కంపెనీల సంఘం ఎంటీఏఐ ఏమో ఖరీదైన పరికరాలకు దారి ఉంచాలంటుంది. రెండు వైపులా ఎవరి వ్యాపారం వాళ్లది. కానీ మాటలన్నీ ఎంఆర్ఐ, సీటీ స్కాన్ చుట్టూనే. రెండు గదుల క్లినిక్‌లో లేజర్ పెట్టుకునే డాక్టరు ఊసు ఎక్కడా రాదు.

అసలు ‘రీఫర్బిష్డ్’ అంటే ఏం చేయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం లేదా అంటే, ఉంది. ఐఈసీ 63077, 2019లో వచ్చింది. అది కూడా స్కానింగ్ పరికరాలకే! లేజర్లకు కాదు. యూరప్ చట్టం పూర్తిగా రీఫర్బిష్ చేసి మార్కెట్లో పెట్టేవాణ్ని తయారీదారుతో సమానంగా చూస్తుంది, బాధ్యతలన్నీ అతని మీదే. అమెరికా ఎఫ్‌డీఏ 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రిపేరు ఎక్కడ ఆగుతుంది, ‘రీమాన్యుఫ్యాక్చరింగ్’ ఎక్కడ మొదలవుతుంది అని గీత గీసింది. మన డీలర్ బ్రోషర్ మీద మాత్రం ఓ బంగారు రంగు ముద్ర, కింద ‘ఐఎస్ఓ సర్టిఫైడ్’ అని ఉంటుంది. ఐఎస్ఓ 9001 గానీ, 13485 గానీ ఆ కంపెనీ పని విధానానికి ఇచ్చేవి. మీ ముందున్న మిషన్‌ను ఎవరూ పరీక్షించినట్టు కాదు.

విలువంతా చేతిలో పట్టుకునేదాంట్లోనే

స్నేహితురాలి క్లినిక్‌కి డెమో కోసం తెచ్చిన మిషన్ చూడ్డానికి భలే ఉంది. తెల్లటి బాడీ, పెద్ద టచ్ స్క్రీన్. దాని మీద షాట్ కౌంట్ మూడు లక్షల చిల్లర. ‘దాదాపు కొత్తదే సార్’ అన్నాడు వచ్చినతను. సర్వీస్ మెనూ తెరవమన్నాను. కాసేపు నసిగి, ఆఫీసుకు ఫోన్ చేసి, పాస్‌వర్డ్ తెచ్చాడు. లోపల హ్యాండ్‌పీస్ కౌంట్ విడిగా ఉంది. 78 లక్షలు. బయటి స్క్రీన్ మీదిది బోర్డు మార్చాక మళ్లీ సున్నా నుంచి మొదలైన అంకె. ఆ మోడల్ హ్యాండ్‌పీస్‌కు కంపెనీ చెప్పిన ఆయుష్షు కోటి షాట్లు.

డయోడ్ లేజర్‌లో కాంతి పుట్టేది ఆ హ్యాండ్‌పీస్‌లోని డయోడ్ బార్ల దగ్గరే. మిగతా పెట్టె అంతా పవర్ సప్లై, చల్లటి నీళ్లు తిప్పే పంపు, కంప్యూటర్. అందుకే మీరు కొంటున్నది మిషన్ కాదు, మిగిలిన షాట్లు. చిన్న లెక్క వేద్దాం. మిగిలినవి 22 లక్షలు. సెకనుకు పది షాట్ల వేగంతో రెండు కాళ్లకు నికరంగా ఇరవై నిమిషాలు కొడితే 12 వేల షాట్లు. 22 లక్షలను 12 వేలతో భాగిస్తే దాదాపు 183 సిట్టింగ్‌లు. రోజుకు మూడు చేస్తే రెండు నెలలు! కోటి దాటగానే టక్కున ఆగిపోతుందని కాదు, కొన్ని ఇంకా నడుస్తాయి. కానీ శక్తి తగ్గుతూ ఉంటుంది, ఎంత తగ్గిందో స్క్రీన్ చెప్పదు.

లెక్క కోసం కొత్తది 24 లక్షలు, ఇది 10 లక్షలు, హ్యాండ్‌పీస్ ఒక్కటే 4 లక్షలు అనుకోండి. అప్పుడు మీరు నిజంగా కొన్నది 14 లక్షల మిషన్. అది కూడా ఆ హ్యాండ్‌పీస్‌ను కంపెనీ మీకు అమ్మితేనే. చేతులు మారిన మిషన్‌కు మళ్లీ తనిఖీ ఫీజు కట్టనిదే సర్వీస్ చేయమనే తయారీదారులు ఉన్నారు. అసలు అమ్మబోమనేవాళ్లూ ఉన్నారు. ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి వైద్య పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత కొటేషన్ పక్కన పెట్టుకుని ‘ఎంత ఆదా’ అని చూసుకుంటుంటే, ముందు కొత్త మిషన్‌కు తాజా కొటేషన్ తెప్పించుకోండి.

మన చర్మానికి ఈ లెక్క వేరు

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. అసలు భయం వేరే ఉంది. లేజర్ కాంతిని వెంట్రుకలోని మెలనిన్ పీల్చుకుని వేడెక్కుతుంది, కుదురు దెబ్బతింటుంది. అదే మెలనిన్ పై చర్మంలోనూ ఉంటుంది. తెల్ల తోలు వాళ్లకు ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువ కాబట్టి కొంచెం అటూఇటైనా సర్దుకుపోతుంది. చామనఛాయ నుంచి నలుపు వరకు ఉండే మనవాళ్లకు ఆ వెసులుబాటు తక్కువ. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ మెలనిన్ పీల్చుకోవడం తగ్గుతుంది. అందుకే 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ కంటే 810 దగ్గరి డయోడ్, దానికంటే 1064 ఎన్‌డీ-యాగ్ నల్లటి చర్మానికి క్షేమం. ఇది డాక్టర్లకు నేను చెప్పాల్సింది కాదు. కానీ రేటు చూసి మురిసిపోయే తొందరలో, తెల్లవాళ్ల క్లినిక్‌లో వాడి తీసేసిన అలెగ్జాండ్రైట్ మిషన్ తెచ్చుకుంటే మీ పేషెంట్లలో ఎంతమందికి వాడగలరో ముందే ఆలోచించుకోండి.

ఇప్పుడు పాతబడ్డ హ్యాండ్‌పీస్ సంగతి చూడండి. స్క్రీన్ మీద చదరపు సెంటీమీటరుకు 20 జౌల్స్ అని పెడితే బయటికి వచ్చేది 14 అనుకుందాం. ఫలితం రావట్లేదని టెక్నీషియన్ సెట్టింగ్ పెంచుకుంటూ పోతుంది. 28 పెట్టడం అలవాటైపోతుంది. ఆర్నెల్ల తర్వాత కొత్త హ్యాండ్‌పీస్ వస్తుంది. అలవాటు ప్రకారం మళ్లీ 28 పెడుతుంది. ఈసారి నిజంగానే 28 వస్తుంది. పెళ్లికి పది రోజుల ముందు వచ్చిన అమ్మాయి చెంప మీద చతురస్రాకారంలో కాలిన మచ్చ. కొనకు అమర్చిన సఫైర్ గాజును చల్లబరిచే వ్యవస్థ బలహీనపడినా ఇదే గతి.

ఆ అమ్మాయి డీలర్ మీద కేసు వేయదు. మీ మీద వేస్తుంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చేసింది.

మరి ఏం అడగాలి? వైద్య లేజర్ల భద్రతా ప్రమాణం ఐఈసీ 60601-2-22 ప్రకారం, సెట్ చేసిన విలువకూ నిజంగా బయటికి వచ్చేదానికీ తేడా 20 శాతం దాటకూడదు. కాబట్టి లేజర్ ఎనర్జీ మీటర్ తెప్పించి, తక్కువ, మధ్య, ఎక్కువ మూడు సెట్టింగ్‌లలో మీ కళ్లముందే కొలవమనండి. ఆ మీటర్‌కి కూడా కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి, తేదీ చూడండి. రిపేరు తర్వాత విద్యుత్ భద్రత పరీక్షకు ఐఈసీ 62353 అనే ప్రమాణం ఉంది, ఆ రిపోర్టు సీరియల్ నంబరుతో సహా అడగండి. ఈ రెండు కాగితాలూ ఉంటే ఆ బంగారు ముద్ర అక్కర్లేదు. అవి లేకుండా అది ఉండి లాభం లేదు.

మిషన్ వెనక లేబుల్‌ను ఫొటో తీసుకోండి. దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరు, తయారైన సంవత్సరం దాని మీదే ఉంటాయి. లైసెన్సులు తప్పనిసరి కాకముందు వచ్చిన మిషన్‌కు ఆ నంబరు లేకపోవచ్చు, అది నేరం కాదు. అప్పుడు మొదటి కొనుగోలు ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ కావాలి. ఆ సీరియల్ నంబరు పట్టుకుని కంపెనీ అధీకృత ఏజెంటుకు మెయిల్ పెట్టండి. ‘దీనికి సర్వీస్ ఇస్తారా, హ్యాండ్‌పీస్ అమ్ముతారా, ఎంత?’ జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. అమ్మేవాడికి ఎండీ-42 రిజిస్ట్రేషన్ ఉందా అన్నదీ చూడండి. వైద్య పరికరాలు అమ్మాలంటే అది కావాలి. కళ్లద్దాలు మర్చిపోకండి. పాత మిషన్‌తో వచ్చే గాగుల్స్ వేరే తరంగదైర్ఘ్యానివి కావచ్చు. అంచు మీద అంకెలు రాసి ఉంటాయి, చదవండి.

నా స్నేహితురాలు ఆ ‘దాదాపు కొత్త’ మిషన్ తీసుకోలేదు. విజయవాడలో ప్రాక్టీసు మానేస్తున్న ఓ సీనియర్ డాక్టరు దగ్గర నాలుగేళ్ల డయోడ్ లేజర్ కొంది. మనదేశంలోనే కొత్తగా కొన్నది, బిల్లులన్నీ ఫైల్‌లో ఉన్నాయి, కంపెనీ ఇంజినీరు వచ్చి చూశాడు. డీలర్ రేటు కంటే రెండు లక్షలు ఎక్కువే అయింది. దానికి వాళ్ల నాన్నగారు ఇప్పటికీ సణుగుతుంటారు.

బీటెక్ వాళ్లకో మాట

ఈసీఈ, ట్రిపుల్‌ఈ, బయోమెడికల్ చదివి ‘కోర్ జాబులు లేవు’ అనుకుంటున్నవాళ్లు ఇదంతా ఇంకో కోణంలో చూడండి. ప్రతి పట్టణంలో స్కిన్ క్లినిక్ బోర్డు కనిపిస్తోంది. అందులో లేజర్ చెప్పినంత శక్తినే ఇస్తోందా అని ఏ పక్షానా లేకుండా కొలిచి కాగితం ఇచ్చే మనిషి దొరకడం మాత్రం కష్టం. కంపెనీ ఇంజినీరు కంపెనీ మనిషి. డీలర్ పంపేవాడు డీలర్ మనిషి. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో బయోమెడికల్ బ్రాంచి ఉంది, విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో టెస్టింగ్ ల్యాబులు ఉన్నాయి. చదువుకీ సాధనకీ చోటు లేక కాదు. లేజర్ ఫిజిక్స్ కాస్త, ఆ రెండు ఐఈసీ ప్రమాణాలు, ఓ మంచి ఎనర్జీ మీటర్ ఉంటే పని మొదలుపెట్టొచ్చు. మీటర్ ఖరీదు తక్కువేం కాదు, ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవాల్సిందే.

స్నేహితురాలి మిషన్‌కు ఏడాది కొలతలు తీయాల్సిన టైమ్ వచ్చింది. మనిషి కోసం నెల రోజులుగా వెతుకుతోంది. ఈ ఆదివారం కూడా మీటర్ అద్దెకు తెచ్చుకుని నేనే బస్సెక్కేలా ఉన్నా.