మాయాబజారుకు మూడు టిక్కెట్లు

వేసవి సెలవులొచ్చాయి. మీ ఇంట్లో పదమూడు దాటి ఇరవై నిండని ప్రాణి ఒక్కటున్నా సరే, "ఎక్కడికైనా పోదాం" అనే పల్లవి ఈపాటికి మొదలయ్యే ఉంటుంది. ఈ వారం మన ముచ్చట ఆ పల్లవి గురించే!

మాది శ్రీసిటీ పక్క ఊరు. పేరులో సిటీ ఉందని మోసపోకండి. 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరంలో వాహనాలు తయారవుతాయి, చాక్లెట్లూ తయారవుతాయి. రోడ్లు చూస్తే వెండితెరంత వెడల్పు! కానీ అవి లారీలవి, షిఫ్టు బస్సులవి. ఇద్దరు పిల్లలు కబుర్లాడుకుంటూ, ఆగి ఏదో కొనుక్కు తింటూ నడిచే వీధులు కావు. అందుకే నడిచి చూడ్డానికి ఒక పట్నం కావాలంటే మాకు యాభై అయిదు కిలోమీటర్ల అవతలి చెన్నపట్నమే దిక్కు.

మా అక్క అక్కడే ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తుంది. ఆమెకు ఇద్దరు పిల్లలు. 2023 మే నెలలో వాళ్ళిద్దర్నీ మొదటిసారి నాతో పంపింది. నేను ఊరుకుంటానా? రాత్రంతా కూర్చుని పదకొండు చోట్ల జాబితా రాశాను. తెలుగు సినిమా పుట్టి పెరిగిన వీధులన్నీ ఒక్కరోజులో చూపించేయాలని నా ఆవేశం!

నాలుగో చోటుకే కథ అడ్డం తిరిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకు నడిరోడ్డు మీద మా మేనకోడలు కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. ఒక మందుల షాపు అరుగు మీద పడుకోబెట్టి, ఓఆర్ఎస్ నీళ్ళు తాగించి, తడిగుడ్డ వేసి, అరగంట విసిరాను. తేరుకున్నాక ఆ పిల్ల అన్నమాట వినండి: "పొద్దున్నించీ తలనొప్పిగా ఉండాది మామా. చెప్తే నువ్వు బాధపడతావని చెప్పలేదు."

రాత్రి ఇంటికొచ్చాక అక్క నన్నొక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది!

మరుసటేడు వేసవికి మేనల్లుడు టెన్త్ పాసయ్యాడు. జూన్‌లో ఇంటర్‌కి హాస్టలుకు వెళ్ళిపోతాడు. అన్నాచెల్లెళ్ళు ఇక కలిసి తిరిగేది ఆ నెలలోనే. అక్క చాలాసేపు ఆలోచించి, "సరే, తీసకపో" అంది. ఈసారి కాగితం, పెన్ను నేను ముట్టలేదు. వాళ్ళ చేతికే ఇచ్చి మూడు షరతులు పెట్టాను.

ఒకటి: తలా ఒక్క చోటే ఎంచుకోవాలి, నాతో సహా. రెండు: పదింటి నుంచి నాలుగింటిదాకా నెత్తిన నీడ ఉండాలి. మూడు: ఎవరు "చాలు" అన్నా, ఎందుకని అడక్కుండా వెనక్కి తిరగాలి.

రెండో షరతు ఎందుకంటారా? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. 2003 మే చివర్లో చెన్నైలో 45 డిగ్రీలు నమోదైంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగిందా, బతికామన్నమాటే. అది ఆలస్యమైన రోజున మాత్రం పట్నం పెనమే!

మా పిల్ల విజయా వాహినీ స్టూడియో రాసింది. 'మాయాబజార్' అక్కడే తీశారని విన్నదట. 1957 నాటి ఆ సినిమాను, 2010లో వచ్చిన రంగుల ప్రింటులో చూసిందిలెండి. పిల్లవాడు ఏవీఎం స్టూడియో రాశాడు. అక్కడ 2023లో పాత కార్లతో, పాత కెమెరాలతో మ్యూజియం తెరిచారు. కార్లంటే వాడికి ప్రాణం. నేను టి.నగర్ బజుల్లా రోడ్డు రాసుకున్నాను.

2024 మేలో ఒకరోజు తెల్లవారుజామున తడ స్టేషన్లో సూళ్ళూరుపేట నుంచి వచ్చే లోకల్ ఎక్కాం. గుమ్మిడిపూండి, పొన్నేరి, ఎన్నూరు దాటితే మూర్ మార్కెట్ కాంప్లెక్స్. దిగి పక్కనే ఉన్న సెంట్రల్లో మెట్రో ఎక్కితే వడపళని ఒకటే బండి, అదీ చల్లగా! అక్కడ ఇడ్లీలు తిని ఆర్కాట్ రోడ్డు మీద నడక మొదలెట్టాం. అప్పుడు మెట్రో రెండో దశ పనులకు రోడ్డు తవ్వి ఉండడంతో చూసుకుని అడుగేయాల్సి వచ్చింది. అయినా పొద్దుటిపూట కాబట్టి నడిచాం.

ఏవీఎం భూగోళం కనబడగానే మావాడు పరుగు! మ్యూజియంలో ఒక్కో కారు ముందూ పది నిమిషాలు నిలబడ్డాడు. నేను తొందరపెట్టలేదు. పదకొండు చోట్లు తిరగాల్సిన పని లేదుగా మరి! (మీరు వెళ్ళేముందు ఏ రోజు, ఏ వేళ తెరుస్తారో కనుక్కోండి.)

ఎండ ముదిరే వేళకు మా పిల్ల చోటికి చేరాం. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా వాళ్ళు 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'గుండమ్మ కథ' తీసిన ఆ స్థలంలో ఇప్పుడు ఒక ఆసుపత్రి, 2013లో తెరిచిన ఒక పెద్ద మాల్ ఉన్నాయి. ఘటోత్కచుడి జాడ కోసం పిల్ల అటూ ఇటూ చూసింది. మొహం చిన్నబుచ్చుకుని, "ఇదేనా మామా మాయాబజారు?" అంది.

వాళ్ళన్న అందుకున్నాడు. "బజారే కదే! చూడు, ఎన్ని మాయలో!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. లోపలికెళ్ళి ఎస్కలేటర్లెక్కి, దిగి, ఏసీలో మ్యాట్నీ చూశాం. బయట సూర్యుడు తన పని తాను చేసుకున్నాడు, మమ్మల్ని మాత్రం తాకలేదు.

నాలుగు దాటాక బస్సులో టి.నగర్. పానగల్ పార్కు దగ్గర దిగాం. ఆ పానగల్ రాజా ఎవరనుకున్నారు? మన కాళహస్తిలో పుట్టిన పానగంటి రామరాయణింగారు! 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి. అప్పట్లో ముఖ్యమంత్రిని అలా పిలిచేవాళ్ళు. "మన జిల్లా ఆయనా!" అని పిల్లలు బోర్డుతో ఫొటో దిగారు. అక్కణ్ణుంచి పాండీ బజారు. 2019 నవంబరులో అక్కడ వెడల్పాటి కాలిబాటలు తెరిచారు. ముగ్గురం పక్కపక్కన నడిచాం. చెరుకురసం తాగాం. అక్కకు గాజులు కొన్నాం.

ఇక మిగిలింది నా బజుల్లా రోడ్డు. దాని కథ మీకు తెలిసిందే. ఎన్టీఆర్ ఆ వీధిలో ఉన్న రోజుల్లో తిరుమల యాత్రికులు కొండ దిగి, బస్సుల్లో సరాసరి అక్కడికొచ్చి నిలబడేవారు. మన తెలుగువాళ్ళకు తిరుపతి, మద్రాసు కలిపి ఒకే యాత్ర! ఆ రోడ్డు మీద ఒక్కసారి నడవాలని నాకు చిన్నప్పటి కోరిక. ఇంకొక్క పది నిమిషాల నడక...

"మామా..." అంది మేనకోడలు. నా మొహం వైపు చూసి ఆగింది. మళ్ళీ అంది. "చాలు."

ఒక్క క్షణం నా ప్రాణం గిలగిల్లాడింది, దాచడం దేనికి! కానీ షరతు షరతే. ఎందుకని అడగలేదు. రంగనాథన్ వీధిలోంచి మాంబళం స్టేషన్‌కు, అక్కణ్ణుంచి లోకల్లో పార్క్ స్టేషన్‌కు, రోడ్డు దాటి మూర్ మార్కెట్‌కు. సూళ్ళూరుపేట బండిలో కిటికీ పక్క సీట్లు దొరికాయి. బజుల్లా రోడ్డు కథ బండిలోనే చెప్పాను. వినేటప్పుడు వాళ్ళ కళ్ళు చూడాలి, నేను ఆ వీధి చూడకపోతేనేం!

తడలో అక్క షిఫ్టు దిగి, అదే యూనిఫారంతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. ముందు కూతురి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. తర్వాతే గాజులు చూసింది.

"ఎన్ని చోట్లు తిప్పినావు?" అనడిగింది నన్ను.

"రెండున్నర."

ఇరవై ఏళ్ళుగా ఆస్పత్రి పనికి తప్ప చెన్నపట్నం మొహం చూడని మనిషి నవ్వింది. "అయితే బజుల్లా రోడ్డు మిగిలిందన్నమాట. వచ్చే ఏడు నాకూ ఒక టికెట్ తియ్యి."

కాబట్టి మిత్రులారా, ఈ వేసవిలో మిమ్మల్ని ఏ మామో, బాబాయో పట్నం తీసుకెళ్తానంటే ఈ పేజీ చూపించండి. పెన్ను మీ చేతిలో ఉండాలి. మధ్యాహ్నం నీడలో ఉండాలి. అన్నిటికంటే ముందు, "చాలు" అనడానికి మొహమాటపడకండి. చూడాల్సినవి కొన్ని మిగిలిపోతే దిగులెందుకు? మళ్ళీ వెళ్ళడానికి అవే కదా సాకు!