అట్ట మీద ఆ మగవాళ్లేరీ?

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక నాకు దొరికే రెండు గంటలూ ఈమధ్య స్వీడన్‌లో గడిచాయి. స్టీగ్ లార్సన్ రాసిన నేరపరిశోధన నవల 'ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ' మా చెల్లెలు ఇచ్చి వెళ్లింది. "పచ్చబొట్టు పిల్ల కథా?" అని నవ్వారు మావారు అట్ట చూసి. నేనూ అలాంటిదే అనుకున్నాను.

తీరా చూస్తే 2005లో స్వీడిష్‌లో దాని పేరు 'ఆడవాళ్లను ద్వేషించే మగవాళ్లు'! 2008లో ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ మగవాళ్లు మాయమై ఒక పిల్లా, ఆమె పచ్చబొట్టూ మిగిలాయి. అదేమని అడగడానికి రచయిత లేడు, 2004లోనే పోయాడు.

పిల్ల అంటున్నారే, ఆ లిస్బెత్ సలాండర్‌కి 24 ఏళ్లు. అయినా తన సంపాదన తన చేతిలో ఉండదు, కోర్టు పెట్టిన సంరక్షకుడి చేతిలో ఉంటుంది. కంప్యూటరు కొనుక్కోవడానికి తన డబ్బే తను అడిగితే ఆ పెద్దమనిషి ఏం ధర కట్టాడో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పుస్తకం బోర్లించి కాసేపు వాకిట్లో కూర్చున్నాను. పోపుల డబ్బాలో దాచుకున్న నోట్లకి కూడా లెక్క చెప్పుకునే మనకి ఇదేదో పరాయి దేశపు సంగతి అనిపించదు.

నవలలో ప్రతి భాగం మొదట్లో స్వీడన్ ఆడవాళ్ల మీద జరిగే హింస గురించి ఒక లెక్క ఉంటుంది. అంత చదువూ, అన్ని హక్కులూ ఉన్న దేశంలో! వేలు ఎవరి వైపు చూపిస్తున్నాడో రచయిత పేరులోనే చెప్పాడు. ఆ పేరుతో అమ్ముడుపోదనుకున్నారా? ఫ్రెంచివాళ్లూ, స్పానిష్‌వాళ్లూ 'ఆడవాళ్లను ప్రేమించని మగవాళ్లు' అనే అర్థంతోనే పెట్టుకున్నారు. జనం కొనకపోలేదు. రెండో నవలకి మాత్రం స్వీడిష్‌లోనూ 'అమ్మాయి' ఉంది, అది ఒప్పుకోవాలి. మూడోదాని అసలు పేరు పేలిపోయిన గాలిమేడ గురించి. ఇంగ్లీషులో దానికీ 'గర్ల్' తగిలించారు.

అనువాదకుణ్ని నేనేమీ అనను. ఆయన లేకపోతే నాకు లిస్బెత్తే లేదు.

నాకిది తగలడానికి కారణం ఉంది. పెళ్లాం మీద చెయ్యి చేసుకునే మగాడి గురించి రాసిన నా కథకి 'ఐదు వేళ్లు' అని పేరు పెట్టాను. పత్రికలో 'సహనమూర్తి' అని అచ్చయింది. అడిగితే "ఇంటిల్లిపాదీ చదివే పత్రిక కదమ్మా" అన్నారు. పారితోషికం పుచ్చుకుని ఊరుకున్నాను.

మొన్న లార్సన్ పుస్తకానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, దాని మీద అసలు పేరు తెలుగులో రాశాను. మావారు చూశారు, ఈసారి ఏమీ అనలేదు. చెల్లెలికి అలాగే తిరిగిస్తాను.